ఒకే నంబరు, రెండు స్విచ్‌లు

నడుస్తున్న కారు ఉన్నట్టుండి ఆగిపోతే ఎలా ఉంటుందో నాకు పోయినేడాది తెలిసింది. ఔటర్ రింగ్ రోడ్డు మీద, వారం తేడాతో రెండుసార్లు. డ్యాష్‌బోర్డులో వెలుగు పోయింది, స్టీరింగ్ బరువెక్కింది, వెనకాల లారీ. పక్కకి ఎలా తీశానో ఇప్పటికీ సరిగ్గా గుర్తులేదు. షెడ్డుకి తీసుకెళ్తే మాత్రం బుద్ధిగా స్టార్టయింది.

మెకానిక్ ఒకటే ప్రశ్న అడిగాడు. "ఇంజన్ ఒక్కటే పోయిందా సార్, లైట్లు కూడా పోయినయా?" ఇంజన్ ఒక్కటే పోతే ఫ్యూయల్ పంపు రిలే, క్రాంక్ సెన్సరు లాంటివి చూడాలట. అన్నీ ఒకేసారి పోతే కరెంటు వచ్చే దారి మొత్తం వెతకాలి: బ్యాటరీ టెర్మినళ్ళు, ఎర్త్ వైరు, ఇగ్నిషన్ స్విచ్. టెర్మినళ్ళు గట్టిగానే ఉన్నాయి. ఇంజన్ నడుస్తుండగా తాళంచెవిని తిప్పకుండా కాస్త అటూ ఇటూ కదిపాడు. ఠక్కున ఆగింది. మళ్ళీ స్టార్ట్ చేసి కదిపితే మళ్ళీ ఆగింది. అరిగిపోయిన స్విచ్ మార్చి, నా తాళాల గుత్తిని చేత్తో తూచి, "ఇంత బరువెందుకు సార్ దీనికి?" అన్నాడు. రోగం తేల్చడానికి అతనికి పావుగంట పట్టింది.

అదే భాగంలో, ఇంచుమించు అదే రోగాన్ని కనిపెట్టడానికి జనరల్ మోటార్స్‌కి దాదాపు పదేళ్ళు పట్టింది. ఆ కథంతా 2014లో ఆంటన్ వలుకస్ అనే న్యాయవాది ఇచ్చిన రిపోర్టులో ఉంది. మూడొందల పేజీల పైచిలుకు. కంపెనీయే నియమించుకున్న న్యాయవాది రాసినదే అయినా కంపెనీకి అందులో దాక్కునే చోటు పెద్దగా దొరకదు. యంత్రం గురించి కదా అని మొదలుపెట్టాను. సగం చదివేసరికి, చదువుతున్నది మాటల గురించి అని అర్థమైంది.

యంత్రం సంగతి చిన్నదే. తాళంచెవిని "రన్" నుంచి "యాక్సెసరీ"కి తిప్పడానికి కొంత బలం కావాలి. స్విచ్ లోపల ఒక చిన్న ప్లంజరు, దాని వెనక స్ప్రింగు కలిసి తాళాన్ని దాని చోట పట్టి ఉంచుతాయి. డిజైన్ ప్రకారం ఆ బలం 20 న్యూటన్ సెంటీమీటర్లు ఉండాలి, 5 అటూ ఇటూ అయినా ఫరవాలేదు. 2002లో పరీక్షించిన స్విచ్‌లు 15 కూడా అందుకోలేదు. అయినా ఆమోదం దొరికింది. ఆ స్విచ్ సాటర్న్ అయాన్‌లోకి, తర్వాత 2005 మోడల్ షెవ్రొలే కోబాల్ట్‌లోకి వెళ్ళింది. గుత్తి బరువుగా ఉన్నా, మోకాలు తగిలినా, బండి గుంతలో పడి ఎగిరినా తాళం తనంతట తానే వెనక్కి తిరిగేది. ఇంజన్ ఆగేది. పవర్ స్టీరింగ్ పోయేది.

దీన్ని వాళ్ళు కనిపెట్టలేకపోయారని కాదు. 2004లోనే కంపెనీ ఇంజనీర్లు మోకాలు తగిలి కారు ఆగడం స్వయంగా చూశారు. చర్చించారు. పరిష్కారాలు ఖర్చెక్కువ, ఆలస్యం అని 2005 మొదట్లో ఫైలు మూసేశారు. అలా మూయగలగడానికి కారణం ఒక మాట. నడుస్తూ ఆగిపోవడాన్ని వాళ్ళు "భద్రత" కింద రాయలేదు, "కస్టమర్ సౌకర్యం" కింద రాశారు. ఆగినా బండిని పక్కకి తీసుకోవచ్చు కదా అన్నది వాదన. సౌకర్యం అన్నాక ఇక లెక్క డాలర్లలోనే ఉంటుంది. భద్రత అని ఉంటే ఆ లెక్కే అడిగి ఉండేవారు కాదు.

ఆ మాట రాసినవాళ్ళకి తెలియనిది ఒకటుంది. తాళం "రన్" నుంచి కిందికి జారితే ఎయిర్‌బ్యాగులకి కూడా కరెంటు ఆగిపోతుంది. అది లోపం కాదు, ఆగి ఉన్న బండిలో అవి అనవసరంగా విచ్చుకోకూడదని కావాలని అలా చేశారు. అదే కంపెనీలో, వేరే విభాగంలో ఆ కారునే తయారుచేస్తున్న మనుషులకి ఈ సంగతి తెలుసు. ఈ రెండు విషయాలూ ఒక బల్ల మీదికి రాలేదు.

2005 డిసెంబరులో డీలర్లకి ఒక సాంకేతిక సూచన వెళ్ళింది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే గుత్తిలోని బరువు తీసేయమని చెప్పండి, తాళంచెవి పొడవాటి కంతలో ఒక చిన్న ముక్క పెట్టి దాన్ని గుండ్రటి రంధ్రంగా మార్చండి అని. ఆ కాగితంలో "స్టాల్", అంటే నడుస్తూ ఆగిపోవడం అనే మాట లేదు. ప్రభుత్వ సంస్థల చూపు పడే మాట కాబట్టి వాడలేదు. దాంతో "నా కారు నడుస్తూ ఆగిపోతోంది" అని ఎవరైనా వస్తే, ఆ మాటతో వెతికిన డీలరుకి ఆ సూచన దొరకడం కష్టం.

2006 ఏప్రిల్‌లో స్విచ్‌ని రూపొందించిన ఇంజనీరే మార్పుకి సంతకం పెట్టాడు. ఇంకాస్త పొడవైన ప్లంజరు, ఇంకాస్త బలమైన స్ప్రింగు. రోగం కుదిరింది. కానీ పార్ట్ నంబరు మార్చలేదు. పాతదీ కొత్తదీ కాగితం మీద ఒకటే.

కోడ్ రాసి బతికేవాడిగా నాకు ఇక్కడ ఒళ్ళు జలదరించింది. వెర్షన్ నంబరు మార్చకుండా బగ్ సరిచేయడం అంటే, ఆ బగ్ ఎప్పుడూ లేదని చరిత్ర రాయడమే. తర్వాత కొన్నేళ్ళపాటు కంపెనీ పరిశోధకులు ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోయారు: ఎయిర్‌బ్యాగులు విచ్చుకోని ప్రమాదాలు 2007 మోడల్ వరకే ఎందుకు, 2008 నుంచి ఎందుకు లేవు? స్విచ్ మారిందా అని అడిగారు. లేదనే జవాబొచ్చింది. కాగితం అదే చెప్పింది మరి.

జవాబు మాత్రం వాళ్ళ ఫైళ్ళలోనే ఉంది. 2006 అక్టోబరులో విస్కాన్సిన్‌లో ఒక కోబాల్ట్ ప్రమాదంలో ఇద్దరు టీనేజి అమ్మాయిలు చనిపోయారు. అక్కడి స్టేట్ పెట్రోల్ అధికారి ఒకరు, తాళం "యాక్సెసరీ"లో ఉండటం గమనించి, 2005 నాటి సూచనని వెతికి పట్టుకుని, ఎయిర్‌బ్యాగులు విచ్చుకోకపోవడానికి ఇదే కారణం అయివుండొచ్చని 2007 ఫిబ్రవరిలో రాసేశాడు. ఆ నివేదిక జనరల్ మోటార్స్‌కీ చేరింది, ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థకీ చేరింది. రెండుచోట్లా ఎవరూ దాన్ని పట్టుకుని ముందుకెళ్ళలేదు.

2010 మార్చిలో జార్జియాలో ఒక నర్సు తన 29వ పుట్టినరోజున ప్రమాదంలో చనిపోయింది. కారు నడుస్తూ ఆగిపోతోందని కొద్దిరోజుల ముందే డీలరుకి చూపించి తెచ్చుకుంది. తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు. వాళ్ళ లాయరు ఫ్లోరిడాలోని మార్క్ హుడ్ అనే ఇంజనీరుకి పని అప్పజెప్పాడు. మొదట ఆయనకీ అంతుపట్టలేదు. చివరికి డీలరు దగ్గర అదే నంబరున్న కొత్త స్విచ్ కొనుక్కొచ్చి, పాతదాని పక్కన పెట్టి రెండూ విప్పాడు. ప్లంజర్ల పొడవు ఒకటి కాదు. ఆ స్విచ్ ధర సుమారు 30 డాలర్లు. 2013లో ఫొటోలు ముందు పెట్టి అడిగితే, మార్పుకి తాను అనుమతించినట్టు తెలియదన్నాడు రూపకర్త. సంతకం ఉన్న కాగితం ఆ తర్వాత సరఫరాదారు డెల్ఫీ దగ్గర దొరికింది.

2014లో సుమారు 26 లక్షల కార్లు వెనక్కి పిలిచారు. 15 మంది ఉద్యోగాలు పోయాయి. మరుసటేడు ప్రభుత్వంతో 90 కోట్ల డాలర్లకి ఒప్పందం కుదిరింది. పరిహార నిధి లెక్కలో చనిపోయినవారు 124 మంది.

వలుకస్ రిపోర్టులో "జీఎం నాడ్" అనే మాట ఉంది. మీటింగులో అందరూ తలలూపుతారు, గది బయటికొచ్చాక ఎవరూ ఏమీ చేయరు. ప్రభుత్వ విచారణలో బయటపడ్డ ఇంకో సంగతి: 2008లో ఉద్యోగులకి ఇచ్చిన శిక్షణలో 69 మాటలు రాయొద్దన్నారు. "లోపం" అనకండి, "డిజైన్ ప్రకారం పనిచేయడం లేదు" అనండి అని. సాహిత్యం చదివేవాళ్ళం మనం, మాటకి బలముందని తరచూ అంటుంటాం. ఆ బలం ఇలా కూడా పనిచేస్తుందని నాకు తట్టలేదు.

వాళ్ళని దుర్మార్గులు అనేసుకుంటే నాకు హాయిగా ఉండేది. కానీ తీవ్రత అనే గడిలో "తక్కువ" అని రాసి శుక్రవారం సాయంత్రం ఇంటికెళ్ళినవాణ్ణి నేను కూడా. మా చోట ఇంకో మాట ఉంది: "మేం ప్రయత్నిస్తే మళ్ళీ రాలేదు." అది రాస్తే ఫిర్యాదు మూసేయొచ్చు. రిపోర్టు పూర్తిచేసిన సోమవారం అలా మూసినవాటిని వెనక్కి తిప్పి చూశాను. నా పేరుతో పదకొండున్నాయి. ఒకదాంట్లో, ఆసుపత్రి పని చేసే ఒకామె, స్క్రీన్ మధ్యమధ్యలో ఖాళీ అయిపోతోందని మూడుసార్లు రాసింది. మూడుసార్లూ నా దగ్గర అది బుద్ధిగా స్టార్టయింది.

దాన్ని మళ్ళీ తెరిచాను. ముందు ఆమెకి ఫోన్ చేసి, ఖాళీ అయినప్పుడు ఇంకేమేమి పోతున్నాయని అడిగాను.