రూట్ కెనాల్ క్రిమిసంహారకాలు: ప్రభావాన్ని నిర్ణయించే అంశాలు

రూట్ కెనాల్ చికిత్సలో చెడిపోయిన పంటి గుజ్జు తీసి, వేళ్లలోని సన్నని దారులను మందుతో కడిగి, ఆపై మూసేస్తారు. ఆ మందు ఎంత బాగా బాక్టీరియాను చంపుతుందన్నది సీసా మీద రాసిన శాతం కంటే, పంటి లోపల దానికి ఎదురయ్యే పరిస్థితుల మీదే ఎక్కువ ఆధారపడుతుందని ఈ రంగం చరిత్ర చెబుతుంది. కుళ్లిన గుజ్జులో బాక్టీరియా ఉందని 1894లో డబ్ల్యు.డి. మిల్లర్ చూపాడు. ఉండటం వేరు, జబ్బుకు కారణం కావడం వేరు. ఆ సందేహాన్ని 1965లో కకెహాషి బృందం తీర్చింది. మామూలు ఎలుకల పళ్లలో గుజ్జు బయటపడితే కుళ్లిపోయింది. క్రిములే లేకుండా పెంచిన ఎలుకల్లో బతికి, మానింది.

నేడు ఎక్కువగా వాడే సోడియం హైపోక్లోరైట్ మొదటి ప్రపంచ యుద్ధ కాలం నాటిది. సైనికుల గాయాలు కడగడానికి 1915లో హెన్రీ డేకిన్ దాని 0.5 శాతం ద్రావణం వాడాడు. 1936 నాటికి వాకర్ దాన్ని పంటి వేళ్లకు సిఫారసు చేశాడు. క్రిములను చంపడంతో పాటు చచ్చిన కండనూ కరిగించడం దీని ప్రత్యేకత. లోపం కూడా అక్కడే ఉంది: కరిగించే పనిలో క్లోరిన్ ఖర్చైపోతుంది. కృష్ణా పశ్చిమ డెల్టాలో తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు పారే కాలువ నీరు బురదగా ఉంటే బ్లీచింగ్ పౌడర్ ఎక్కువ పడుతుంది. పంటిలో జరిగేదీ అదే. 2000లో హాపసాలో బృందం వేళ్లలో వాడే మందుల్లో డెంటిన్ (పంటి లోపలి గట్టి పదార్థం) పొడి కలిపి ఎంటరోకాకస్ ఫీకాలిస్ అనే బాక్టీరియా మీద పరీక్షించింది. కాల్షియం హైడ్రాక్సైడ్ పూర్తిగా నిర్వీర్యమైంది. హైపోక్లోరైట్, క్లోర్‌హెక్సిడిన్ మందగించాయి.

అలాంటప్పుడు గాఢత పెంచితే సరిపోదా? 0.5, 5 శాతం ద్రావణాలను బిస్ట్రోమ్, సుండ్‌క్విస్ట్ 1985లో రోగుల పళ్లలో పోల్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పైగా గాఢమైన మందు వేరు కొన దాటితే తీవ్రమైన నొప్పి, వాపు వస్తాయి. పరికరాలతో గీకితే చాలన్న వాదనా నిలవదు: వేటితో గీకినా లోపలి గోడలో 35 శాతమో, అంతకంటే ఎక్కువో తాకకుండానే మిగిలిందని 2001లో పీటర్స్ బృందం చేసిన మైక్రో సీటీ పరిశీలన తేల్చింది. అక్కడికి మందే చేరాలి. 30 గేజి సూది మందం సుమారు 0.31 మి.మీ.; మొన దాటి ఒకట్రెండు మిల్లీమీటర్ల కంటే ద్రవం పెద్దగా ముందుకు పోదు, కొన దగ్గర చిక్కిన గాలి బుడగ మరీ అడ్డుపడుతుంది. అందుకే మందును తరచూ మార్చడం, తగినంత సేపు ఉంచడం, అల్ట్రాసోనిక్ కదలిక ఇవ్వడం, గోడలకు అంటిన పొరను 1957 నుంచి వాడుకలో ఉన్న ఈడీటీఏతో తొలగించడం ముఖ్యం. జిగురు పొరలో గుంపుగా దాక్కున్న బాక్టీరియా, విడివిడిగా తేలే బాక్టీరియా కంటే మొండిది. పరీక్షనాళికలో క్షణాల్లో చంపిన మందు పంటిలో తడబడటానికి అదొక కారణం.

వేడి రెండు వైపులా పనిచేస్తుంది. ద్రావణాన్ని వెచ్చబెడితే కండ త్వరగా కరుగుతుంది; అదే ద్రావణం నలభై డిగ్రీల తీర వేసవిలో, వెలుతురు తగిలేచోట నిల్వ ఉంటే బలం కోల్పోతుంది. డెంటిన్ ఎప్పుడూ శత్రువే అనడమూ సరికాదు; టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్‌లే అందుకు ఉదాహరణ. యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనకు సారథ్యం వహించిన లెడర్లీ సంస్థ 1948లో ఆరియోమైసిన్‌తో టెట్రాసైక్లిన్‌లకు నాంది పలికింది. ఆ కుటుంబానికే చెందిన డాక్సీసైక్లిన్ 2003లో ఎంటాడ్ అనే కడిగే మందులో చేరింది. ఈ మందులు డెంటిన్‌కు అంటుకుని మెల్లగా విడుదలవుతాయి. కాబట్టి ఏ రెండు మందులనైనా పోల్చేటప్పుడు పరిమాణం, సమయం, ఉష్ణోగ్రత, అక్కడున్న సేంద్రియ పదార్థం సమానంగా ఉన్నాయో లేదో చూడాలి; అవి తెలియకుండా శాతాలు పోల్చి ప్రయోజనం లేదు.