బిళ్ళ, బల్ల, కులం: సత్ప్రసాదం మీది ఎగతాళికి ఒక జవాబు

రామకృష్ణాపూర్, మందమర్రి, గోదావరిఖని బొగ్గుబాయి బస్తీల్లో కాథలిక్ దళితులకు చిన్నప్పట్నుంచీ ఎరుకైన ఎగతాళి ఒకటుంది. "గోధుమపిండి బిళ్ళ నోట్లేస్కొని దేవుణ్ణి మింగినమంటరు గదా" అని ఒకరంటారు. "మీరు మనిషి మాంసం తిని రక్తం తాగుతరట" అని ఇంకొకరు అందుకుంటారు. నవ్వుతూనే అంటారు. విన్నవాళ్ళు కూడా నవ్వి ఊరుకుంటారు. ఆ మాట ఇంటికొచ్చి, "అమ్మా, మనం నిజంగ మనిషి మాంసం తింటమా?" అని బడిపిల్ల అడిగినప్పుడు మాత్రం తల్లి దగ్గర జవాబుండదు. ఆ మౌనం ఎక్కడినుంచి వచ్చిందో చరిత్రలో వెతకడమే ఈ వ్యాసం పని. సిద్ధాంతాన్ని రుజువు చెయ్యడం దీని ఉద్దేశం కాదు. నమ్మకం ఎవరిది వారిదే.

ఈ ఎగతాళి చేసేవాళ్ళు మూడు రకాలు. ఒకరు, దళితుడి తిండిని తరతరాలుగా అసహ్యించుకున్న ఆధిపత్య కులాలవాళ్ళు. రెండోవారు, రొట్టె కేవలం గుర్తు మాత్రమేనని నమ్మే తోటి క్రైస్తవుల్లో కొందరు. మూడోవారు మనవాళ్ళే: హేతువాద, వామపక్ష మిత్రులు. ముగ్గురి నవ్వూ ఒకేలా వినబడుతుంది గానీ మూడింటి వెనకా ఉన్న చరిత్ర ఒకటి కాదు.

ముందు అసలు కాథలిక్కులు ఏమంటున్నారో చూద్దాం. 1215లో నాలుగో లాటరన్ సభ, 1551లో ట్రెంట్ సభ ఈ విశ్వాసాన్ని సూత్రబద్ధం చేశాయి. పూజలో అప్పం, ద్రాక్షారసాల సారం క్రీస్తు శరీర రక్తాలుగా మారుతుంది. రంగు, రుచి, వాసన, బరువు మాత్రం ఎప్పటిలాగే ఉంటాయి. ఇదీ వాళ్ళు చెప్పేది. అంటే "ల్యాబుకు పంపండి, పిండే అని తేలుతది" అనే సవాలు ఎవరికీ తగలదు. పిండి లక్షణాలే కనబడతాయని చర్చి తానే చెబుతోంది. పైగా చచ్చిన దేహంలోంచి ముక్క కోసి తినడమని వాళ్ళు అనడం లేదు. లేచిన క్రీస్తు మొత్తంగా అక్కడ ఉన్నాడంటున్నారు. దీన్ని ఒప్పుకోకపోయే హక్కు అందరికీ ఉంది. 1529లో మార్‌బుర్గ్‌లో లూథర్, జ్వింగ్లీ ముఖాముఖి కూచుని కూడా ఈ ఒక్క విషయంలో రాజీపడలేకపోయారు. అసలు యోహాను సువార్త ఆరో అధ్యాయంలోనే ఈ మాట విని జనం గొణుక్కున్నారనీ, చాలామంది శిష్యులు వెనుదిరిగారనీ ఉంది. కనుక అభ్యంతరం కొత్తది కాదు, తప్పూ కాదు. కాకపోతే అవతలివాడు అన్నమాటను కాదనాలి, అననిమాటను అంటగట్టి నవ్వకూడదు.

నరమాంసం అనే నింద కూడా పాతదే. సుమారు క్రీ.శ. 112లో రోమన్ గవర్నర్ ప్లినీ చక్రవర్తి ట్రాజన్‌కు ఉత్తరం రాశాడు. క్రైస్తవులు కలిసి తినేది మామూలు తిండేనని, అందులో హాని ఏమీ లేదని విచారణలో తనకు చెప్పారన్నాడు. నిజం తేల్చుకోవడానికి ఇద్దరు బానిస స్త్రీలను హింసించానని కూడా అదే ఉత్తరంలో రాసుకున్నాడు. ఆ ఇద్దరూ ఆ సంఘంలో పరిచారికలు. 177లో గాల్ దేశపు లియోన్ నగరంలో ఇదే నింద మళ్ళీ లేచింది. సైనికుల ఒత్తిడికీ హింస భయానికీ లొంగి, క్రైస్తవుల ఇళ్ళల్లోని కొందరు బానిసలు తమ యజమానులు పిల్లల్ని తింటారని చెప్పారు. బిబ్లిస్ అనే స్త్రీ హింస మధ్యలో తిరగబడి, జంతువు రక్తం కూడా ముట్టనివాళ్ళు పిల్లల్ని ఎలా తింటారని అడిగింది. బ్లాందీనా అనే బానిస స్త్రీ ఏ చిత్రహింసకూ లొంగక రంగస్థలంలో ప్రాణం విడిచింది. పుట్టుకతో హీనులని ముద్రపడ్డ మనుషులు ఒక బల్ల దగ్గర, తలుపులు వేసుకుని, ఇతరులతో సమానంగా కూచుంటే బయటి సమాజానికి ఎన్ని కథలు పుడతాయో ఈ రెండు సంఘటనలూ చూపిస్తున్నాయి.

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం. మన సమాజంలో తిండి ఎప్పుడూ కడుపు విషయం మాత్రమే కాదు. ఎవరు వండారు, ఎవరు ముట్టారు, ఎవరి పక్కన కూచున్నారు అన్నదాంట్లోనే కులం బతుకుతుంది. మాల మాదిగల చేతిలో నీళ్ళు పోస్తే పైనుంచి పోశారు, ప్రసాదం ఇస్తే దూరంనుంచి వేశారు. హోటళ్ళలో రెండు గ్లాసులు పెట్టారు. చచ్చిన గొడ్డును ఊరి బయటికి ఈడ్చే పని అప్పజెప్పి, ఆ మాంసం తింటారని మళ్ళీ వాళ్ళనే ఈసడించారు. అలాంటి చోట తెలుగు కాథలిక్కులు పూజలో అందుకునే అప్పాన్ని 'దివ్య సత్ప్రసాదం' అన్నారు. గుడి గడప దాటనివ్వని ప్రసాదం అనే మాటే ఇక్కడ నాలుక మీదికి వచ్చింది. కాబట్టి దళితుణ్ణి చూసి "మనిషి మాంసం తింటడు" అనేవాడు వేదాంత చర్చ చేస్తున్నాడనుకోవడం అమాయకత్వం. నిన్నటిదాకా "గొడ్డుమాంసం" అన్న నోరే మాట మార్చి పాత అసహ్యాన్నే పలుకుతోంది.

అయితే ఇంతటితో ఆగితే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. ఈ బల్ల దగ్గరికి కులాన్ని చర్చి కూడా రానిచ్చింది. 1606లో మదురై వచ్చిన రాబర్ట్ డి నోబిలి బ్రాహ్మణ సన్యాసిలా బతికి పైకులాలను ఆకట్టుకునే దారి వేశాడు. 1700 తర్వాత పాండిచ్చేరి నుంచి తెలుగు సీమకు వచ్చిన ఫ్రెంచ్ జెస్యూట్లు కూడా ఆ దారే పట్టారు. ఆ పద్ధతిలో అంటరాని క్రైస్తవుడి గుడిసెలోకి గురువు వెళితే పైకులాలు దూరమవుతాయన్న భయం ఉంది. చావుబతుకుల్లో ఉన్నవాణ్ణి కూడా బయటికి మోసుకొస్తేనే సంస్కారం దక్కేది. 1704లో పోప్ దూత టూర్నో పాండిచ్చేరిలో ఆజ్ఞ జారీ చేసి, రోగిష్టి పరయల ఇళ్ళకే వెళ్ళి సంస్కారాలు ఇవ్వాలన్నాడు. దాని మీద నలభై ఏళ్ళు వాదన నడిచింది. చివరికి 1744లో పద్నాలుగో బెనెడిక్ట్ పోప్ ఆ విధిని ఖాయం చేస్తూనే, పరయల కోసం వేరే మిషనరీలను పెట్టుకుంటామన్న జెస్యూట్ల ప్రతిపాదనను అంగీకరించాడు. క్రీస్తు శరీరం ఒక్కటేనన్నారు, దాన్ని మోసుకెళ్ళే చేతులు మాత్రం కులానికో జత అయ్యాయి. ఈ సిద్ధాంతానికి జరిగిన అసలు ఎగతాళి ఇదీ. చేసింది బయటివాళ్ళు కాదు.

ప్రొటెస్టెంట్లది వేరే సిద్ధాంతం. కానీ బల్ల సమస్య వాళ్ళనూ వదల్లేదు. 1866లో ఒంగోలు చేరిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌకు ఆ తొలిరోజుల్లోనే పరీక్ష ఎదురైంది. మాదిగలను చేర్చుకుంటే మేం రామని, మా పిల్లల్ని బడి మాన్పిస్తామని పైకులాలవాళ్ళు తెగేసి చెప్పారు. ఆయన మాదిగల పక్షాన నిలబడ్డాడు. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద అప్పటికే ఆ నేల దున్ని ఉంచాడు. 1912లో దోర్నకల్ తొలి బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్యకు మాల సంఘాన్నీ మాదిగ సంఘాన్నీ ఒక్కటి చెయ్యడమే పెద్ద చిక్కయింది. రొట్టె గుర్తు అనుకున్నా, శరీరం అనుకున్నా, పక్కన మోకరించేది ఎవరన్న ప్రశ్న దగ్గర ఇద్దరూ ఒక్కటే. కనుక "మాది బల్ల, మీది బిళ్ళ" అని నవ్వే సోదరులు ఈ సంగతి మరిచిపోకూడదు.

దోర్నకల్ పేరు ఊరికే రాలేదు. సింగరేణి బొగ్గు బయటికి పోయిన రైలుదారి అదే. ఇల్లెందు దగ్గర 1871లో విలియం కింగ్ బొగ్గును గుర్తించాడు, 1889లో తవ్వకం మొదలైంది, 1920లో సింగరేణి కంపెనీ ఏర్పడింది. తర్వాత బావులు గోదావరి దాటి బెల్లంపల్లి, మందమర్రి, రామకృష్ణాపూర్ దాకా పాకాయి. బావులతోపాటు ఊళ్ళనుంచి మాల, మాదిగ కూలీలు కదిలొచ్చారు. నదికి ఇవతల పాత కరీంనగర్ జిల్లా 1952లో ఏర్పడిన వరంగల్ మేత్రాసనం కిందిది; అక్కడ జరిగేది రోమన్ పద్ధతి పూజ. అవతల పాత ఆదిలాబాద్ జిల్లా 1962 నుంచి కేరళ మూలాలున్న సీరో మలబార్ చర్చి చాందా మిషన్‌లో ఉండి, 1999లో మంచిర్యాల కేంద్రంగా వేరే మేత్రాసనమైంది. అక్కడ జరిగేది ఖుర్బాన. పద్ధతి మారినా అందుకునే అప్పం మీది విశ్వాసం ఒకటే. బాయిల పైకప్పు కూలితే అది కులం అడిగి కూలదు. పైకొచ్చినంక క్వార్టర్ల మధ్యలో మాత్రం కులం మళ్ళీ పేరు పెట్టి పిలుస్తది.

తల్లి మౌనం సంగతికి ఇక్కడ రావాలి. ఆమెకు జవాబు తెలియకపోవడం ఒక్కటే కారణం కాదు, చెప్పడానికి భయం కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా దళితుడి కులాన్ని మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు. క్రైస్తవ దళితులకు తెరవలేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాళ్ళను బీసీ 'సి' గ్రూపులో ఒక్క శాతం కింద పెట్టారు. ఈ ముడి విప్పమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసి కేంద్రాన్ని కోరింది. వాడకు వాడలో అంటరానివాడిగానే ఉంటాడు, కాగితం మీద మాత్రం కాకుండా పోతాడు. అందుకే ఎన్నో ఇళ్ళల్లో సర్టిఫికెట్టుకు ఒక మతం, ఆదివారానికి ఒక మతం. ఆ బిళ్ళ గురించి చాయ్ హోటల్లో నవ్వినవాడు రేపు ఒక ఫిర్యాదు కూడా రాయగలడు. ఎగతాళి వెనక ఆ బెదిరింపు ఉంది. గోధుమ అప్పం బరువు తులమైనా ఉండదు గానీ, దాన్ని అందరి ముందూ నాలుక మీద పెట్టుకోవడానికి ఒక దళిత కుటుంబం చెల్లించే ధర చాలా పెద్దది.

మూడోరకం మిత్రులకు ఒక మనవి. ప్రశ్నించండి, అది మీ పని. అంబేద్కర్ కూడా క్రైస్తవంలోకి వెళ్ళిన అంటరానివాళ్ళకు ఆ మతం ఏం చేసిందని నిలదీశాడు. అయితే ఆయన మనుషుల్ని చూసి నవ్వలేదు, వ్యవస్థను లెక్క అడిగాడు. మీరూ అదే లెక్క అడగండి. హైదరాబాద్ పీఠం మీదికి 2000లో మారంపూడి జోజి వచ్చేదాకా దేశంలో దళిత ఆర్చిబిషప్పు ఎందుకు లేడు? పూల ఆంతోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యేదాకా దళిత కార్డినల్ ఎందుకు లేడు? దళితుల సాధికారత మీద బిషప్పుల సమాఖ్య 2016లో తెచ్చిన విధానపత్రం ప్రతి విచారణలో ఎంతవరకు అమలైంది? ఇవి పదునైన ప్రశ్నలు. "ల్యాబుకు పంపండి" అన్నది కాదు.

ఈ ప్రశ్నలకు బలం కూడా ఆ బల్ల దగ్గరినుంచే వస్తుంది. సుమారు క్రీ.శ. 55లో కొరింథు సంఘానికి పౌలు రాసిన ఉత్తరంలో ఈ భోజనం మీద పెద్ద మందలింపు ఉంది. ఉన్నోళ్ళు ముందే వచ్చి తిని తాగుతున్నారు, లేనోళ్ళు ఆకలితో మిగిలిపోతున్నారు. అలా తినేది ప్రభువు భోజనమే కాదని ఆయన తేల్చేశాడు. ఆ లెక్కన వేరే బెంచీ, వేరే శ్మశానం, వేరే పెళ్ళి సంబంధాలు పెట్టుకున్న సంఘం ఎంత భక్తిగా చేతులు జోడించినా, తాను అందుకున్నదాన్ని తానే కాదంటున్నది.

బడిపిల్లకు చెప్పవలసిన జవాబు కూడా ఇదే: "లేదు బిడ్డా, మనం ఎవరి మాంసమూ కోసుకొని తినం. మన తాతలకు ఎవరి పక్కనా కూచొని తినే హక్కు లేకుండె. అందరూ ఒక్క అప్పంలోంచి తినాలని చెప్పిన బల్ల ఇది. ఆ మాట ఇంకా పూర్తిగ నిజం కాలే. చర్చిల గూడ కాలే. నవ్వినోళ్ళకు ఈ సంగతి చెప్పు. ఫాదర్‌ను గూడ అడుగు."