సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? నంబర్ ప్లేట్ ఒక్కటే చూస్తే మోసపోతారు!

గుంటూరు యార్డులో మిర్చి అమ్మగానో, చిలకలూరిపేట వైపు పత్తి అమ్మగానో వచ్చిన డబ్బుతో పాత కారు కొందామనుకునేవాళ్లు ముందు చూసేది రంగు, టైర్లు, తిరిగిన కిలోమీటర్లు. అసలు చూడాల్సింది వేరే ఉంది.

ఒకప్పుడు ఏపీ 07 అంటే గుంటూరు, ఏపీ 27 అంటే ప్రకాశం బండి అని ఇట్టే చెప్పేసేవారు. 2019లో రాష్ట్రమంతా ఏపీ 39 ఒకే సిరీస్ అయ్యాక ఆ గుర్తు పోయింది. కొత్త నంబరున్న కారు ఒంగోలుదో, విజయవాడదో ప్లేటు చూసి చెప్పలేం.

ఇది చిన్న విషయం కాదు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఇళ్ల ముందున్న కార్లూ మునిగాయి. మునిగిన కారును కడిగి, సీటు కవర్లు మారిస్తే పైకి ఏమీ తెలియదు. అందుకే సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడాలి. లోపల దాగి ఉండే భాగంలో బురద మరక కనిపిస్తే అనుమానించాల్సిందే. సీట్ల బోల్టులకు తుప్పు, డిక్కీలో స్టెప్నీ కింద ఒండ్రు ఉన్నా అంతే. కారు నిండా సెంటు గుప్పుమంటుంటే ఏ వాసన కప్పడానికో అడగండి. సర్వీస్ రికార్డు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ వివరాలు అమ్మేవాళ్లతోనే తెప్పించుకోవాలి.

ఇక కారు అసలు గుర్తింపు చాసిస్ నంబర్. మొత్తం 17 అక్షరాలు, అంకెలు. ఇందులో ఇంగ్లిష్ ఐ, ఓ, క్యూ అక్షరాలు ఉండవు. బాడీ మీద చెక్కిన నంబర్, ఆర్‌సీలోది ఒక్కటేనా అని ఒక్కో అక్షరం పోల్చాలి. చెక్కినచోట గ్రైండింగ్ గీతలు, కొత్త పెయింట్, వంకర అంకెలు ఉంటే బేరం అక్కడితో ఆపేయడమే మంచిది. ఎం-పరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొడితే మోడల్, ఇంధనం, రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ గడువు వస్తాయి. పెట్రోల్ కారుకు అక్కడ డీజిల్ అని వస్తే ప్లేటు వేరే బండిదన్నమాట.

ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరుంటే 'లోన్ కట్టేశాం' అన్న మాట చాలదు. ఆ కంపెనీ సంతకంతో ఫారం 35, ఎన్‌వోసీ ఉండాలి. హైదరాబాద్ నుంచి తెచ్చిన టీఎస్, టీజీ బండికైతే అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌వోసీ కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కూడా పడుతుంది. చాలామంది ధర మాట్లాడేటప్పుడు దీన్ని లెక్కలో వేసుకోరు. పెండింగ్ ఈ-చలాన్లు ఎన్నున్నాయో డబ్బు ఇవ్వకముందే చూసుకోవాలి.

పేరు మార్పిడికి ఫారం 29, 30 కావాలి. రాష్ట్రంలోపలైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి. సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు చేతిలో పెట్టి వదిలేస్తే అమ్మినవాళ్లకీ ముప్పే. రికార్డులో ఎవరి పేరుంటే యాక్సిడెంట్ పరిహారానికి వారే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. ఇన్సూరెన్స్‌లో పేరు మార్చమని కంపెనీకి దరఖాస్తు ఇవ్వడానికి కొన్నవారికి ఉన్న గడువు 14 రోజులే.