చీపురుతో కొలిచిన ఇల్లు

ఇల్లు ఎంత ఉండాలి, ఎలా ఉండాలి అన్నది ఎవరి ఇష్టం వాళ్లది అంటాం. కొందరికి పెద్ద హాలు కావాలి, కొందరికి చిన్న ఇల్లే ముద్దు. ఇందులో చర్చించడానికేముంది అనిపిస్తుంది. కానీ ఇష్టానికి కూడా ఒక చరిత్ర ఉంటుంది. కూర ఎలా ఉండాలో ఇంట్లో ప్రతి మగవాడికీ ఒక అభిప్రాయం ఉంటుంది. ఆ కూర వండే గది ఎలా ఉండాలో వండే మనిషిని అడిగిన ఇళ్లు ఎన్ని? ఇల్లాలు అంటూ ఇంటి పేరుతోనే ఆడమనిషిని పిలిచే భాష మనది. ఆ ఇంటికి ప్లాను గీసేటప్పుడు మాత్రం ఆ ఇల్లాలు గుమ్మం అవతలే ఉండిపోయింది. ఇళ్ల చరిత్రని ఆ గుమ్మం దగ్గర నిలబడి చదివితే ఏం కనిపిస్తుందో చూద్దామని ఈ ప్రయత్నం.

గోదావరి వైపు మా అమ్మమ్మగారిది మండువా లోగిలి. మధ్యలో ఆకాశం కనిపించే మండువా, నాలుగు వైపుల నుంచి దానిలోకి వాలిన పెంకుల కప్పు, చుట్టూ వసారాలు, వాటి వెనక గదులు. వీధివైపు అరుగులు. అన్నిటికీ వెనక వంటిల్లు, నుయ్యి, పెరడు. తెలంగాణలో ఇలాంటి ఇంటినే చాలాచోట్ల భవంతి అంటారు. ఇప్పుడు రిసార్టుల వాళ్లు, సినిమా వాళ్లు ఈ ఇంటిని మళ్లీ కడుతున్నారు. గాలికీ వెలుతురుకీ దారి వదిలిన తెలివైన కట్టడమే అది, కాదనను.

అయితే ఆ ఇంటికి రెండు కొలతలున్నాయి. అరుగు మీద కూర్చున్నవాళ్లు దాన్ని గజాల్లో కొలిచారు. అమ్మమ్మ చీపురుతో కొలిచింది. తెల్లవారకుండానే వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టడం. తర్వాత వసారాలు, గదులు. వానాకాలం మండువాలో పట్టిన పాచి రుద్దడం. పండక్కి గడపలకి పసుపు, గోడలకి సున్నం. అరుగు మీద నుంచి కాఫీ అని కేక వేస్తే వంటింటి దాకా వినిపించేది. ఆ కాఫీ పట్టుకుని అంతదూరం నడిచి రావలసింది మాత్రం అమ్మమ్మే. అరుగు మీద కూర్చుంటే వీధి కనిపిస్తుంది. పొయ్యి ముందు కూర్చుంటే నుయ్యి కనిపిస్తుంది. నెలకి మూడు రోజులు అంత పెద్ద ఇంట్లోనూ ఆమెకి చోటుండేది కాదు. పెరటి వసారాలో ఒక మూల చాప, ఒక చెంబు. గది అంటూ ఆమెకి ఇచ్చింది పురిటికి మాత్రమే. తాళం వేసుకోగలిగిన చోటు ఆమెకి ఒక్కటే ఉండేది, ట్రంకు పెట్టె.

ఆ ఇంటిని అమ్మమ్మ ఒక్కతే మోసిందనడం కూడా అబద్ధమే. పేడ తెచ్చి పెరడు అలికినవాళ్లు, వడ్లు దంచినవాళ్లు, మైల బట్టలు ఉతికినవాళ్లు ఊరి చివర ఒంటి నిట్టాడి పాకల్లో ఉండే ఆడవాళ్లు. వాళ్లకి ఆ ఇంట్లో తెలిసింది పెరటి దారి ఒక్కటే. మండువా మీద ఇవాళ మనకున్న వ్యామోహంలో వాళ్ల వీపు నొప్పికి చోటు లేదు. 'మన పాత ఇళ్లు ఎంత బావుండేవో' అనేటప్పుడు ఆ 'మన'లో ఎవరున్నారో చూసుకోవాలి.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ మనలో చదవనివాళ్లు తక్కువ. ఇల్లు అలికి ముగ్గులు పెట్టడంలో మునిగిపోయి తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ అది. అందులో ఇల్లు ఎంత పెద్దదన్నది ముఖ్యం కాదు. కానీ ఆ కథ చదివిన ప్రతిసారీ నాకు ఒక లెక్క గుర్తొస్తుంది. ఇల్లు ఎన్ని గదులు పెరిగితే ఆ పేరు అంత లోతుకి దిగిపోతుంది.

ఇంటి పనిని బట్టి ఇల్లు ఉండాలి అన్న ఆలోచనని గట్టిగా ముందుకు తెచ్చినవాళ్లలో ఆడవాళ్లున్నారు. అమెరికాలో కేథరిన్ బీచర్, ఆమె చెల్లెలు హారియట్ బీచర్ స్టో కలిసి 1869లో అమెరికన్ ఇల్లాలి ఇంటి గురించి ఒక పుస్తకం వేశారు. ఓడలో వంటవాడి గది ఎలా ఉంటుందో చూడండి, చేయి చాపితే అన్నీ అందుతాయి, ఇంట్లో అలా ఎందుకుండకూడదు అన్నది అందులో వంటింటి గురించిన వాదన. నౌకర్లు లేకుండా ఇల్లాలే పని చేసుకునే ఇల్లు వాళ్ల దృష్టిలో ఉంది. ఆ పని ఆడదే చేయాలా అన్న ప్రశ్న మాత్రం వాళ్లు వేయలేదు.

అదే దారిలో 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కట్టిస్తున్న కొత్త ఇళ్ల కోసం మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ అనే ఆస్ట్రియన్ ఆర్కిటెక్టు ఒక వంటింటిని తయారుచేసింది. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. పొయ్యి నుంచి నీళ్ల తొట్టికి ఎన్ని అడుగులు, ఏ పనికి ఎన్ని నిమిషాలు అని లెక్కలు వేసి గీసిన గది అది. పిండికీ పప్పుకీ పేర్లు రాసిన సొరుగులు, కిందకి దించుకునే ఇస్త్రీ బల్ల, కూర్చుని తరుక్కోవడానికి తిరిగే స్టూలు. అలాంటి వంటిళ్లు సుమారు 10,000 కట్టారు. ఇవాళ మన అపార్టుమెంట్లలో 'మాడ్యులర్ కిచెన్' పేరుతో అమ్ముతున్నదానికి అది పెద్దమ్మ లాంటిది. ఆ గది గీసేనాటికి తనకి వంట చేసిన అనుభవమే లేదని ఆమె తర్వాత చెప్పుకుంది. నాజీలకు వ్యతిరేకంగా పనిచేసి 1941లో అరెస్టయి 1945 దాకా జైల్లో ఉన్న మనిషి ఆమె. అయినా లోకం ఆమెని ఒక్క వంటింటితోనే గుర్తుపెట్టుకోవడం ఆమెకి చిరాకు తెప్పించేది.

ఆ వంటిల్లు అడుగుల్ని తగ్గించింది. కానీ అందులో ఇద్దరు పక్కపక్కన నిలబడి పని చేసుకునే వీలు లేదు. పని తగ్గించిన గదే మనిషిని ఒంటరిని చేసింది. 1970ల తర్వాత స్త్రీవాదులు పెట్టిన పెద్ద అభ్యంతరం ఇదే. గది చిన్నదైతే పని తగ్గుతుంది, నిజమే. ఆ చిన్న గది ఒక్కరి కోసమే గీసినప్పుడు ఆ ఒక్కరూ ఎవరో కూడా అందులోనే తేలిపోతుంది.

మన దగ్గర ఇదే మార్పు గ్యాసు పొయ్యితో వచ్చింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద పేద కుటుంబాల ఆడవాళ్లకి గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. మా అమ్మలాంటి మధ్యతరగతి వాళ్ల ఇళ్లకి అంతకు ముందే వచ్చింది. కట్టెలపొగలో కళ్లు మండే బాధ పోయింది. అది చిన్న విషయం కాదు. పొయ్యి నేల మీద నుంచి గట్టు మీదకి ఎక్కింది, దాంతో అమ్మ లేచి నిలబడింది, నిలబడే ఉండిపోయింది. ఆ గట్టు ఎత్తు మేస్త్రీ తన అలవాటు కొద్దీ పెట్టాడు. అమ్మ పొట్టిది. ముప్ఫై ఏళ్లు భుజాలు పైకెత్తి వండింది. వాస్తు ప్రకారం ఈశాన్యం దేవుడికి, ఆగ్నేయం పొయ్యికి, నైరుతి యజమానికి అన్నారు. ఇల్లాలికి ఏ మూల అని వెతికితే పొయ్యి దగ్గరే దొరుకుతుంది.

మరి సొంత డబ్బుతో, సొంత ఇష్టంతో ఇల్లు కట్టించుకున్న ఆడవాళ్లు లేరా? ఉన్నారు. ఇద్దరి సంగతి పక్కపక్కన పెట్టి చూడడం నాకు ఇష్టం.

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో త్రుస్ ష్రోడర్ 1923లో వితంతువు అయింది. ముగ్గురు పిల్లలు. భర్త ఉండగా 1921లో ఆ పెద్ద ఇంట్లో తనకోసం ఒక్క గదిని గెరిట్ రీట్‌వెల్డ్ చేత మార్పించుకుంది. భర్త పోయాక అతనితో కలిసి 1924లో చిన్న ఇల్లు కట్టించింది. మేడ మీద పక్కకి జరిపే పలకల గోడలు. పగలంతా ఒకటే గది, రాత్రి ఎవరి గది వాళ్లది. పిల్లలు పెద్దవాళ్ల మాటల మధ్య పెరగాలన్నది ఆమె కోరిక. అప్పటి నిబంధనలు ఒప్పుకోవని ఆ అంతస్తుని కాగితాల మీద అటక అని చూపించారు. ఆమె 1985లో చనిపోయేదాకా అక్కడే ఉంది. 2000లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది.

రెండో ఆమె చికాగో డాక్టరు ఎడిత్ ఫార్న్స్‌వర్త్. ఒంటరి స్త్రీ. ఊరి బయట నది ఒడ్డున సెలవు రోజుల్లో ఉండడానికి ఇల్లు కావాలని మీస్ వాన్ డెర్ రోహ్ అనే ప్రసిద్ధ ఆర్కిటెక్టుని అడిగింది. 1951కి పూర్తయింది. చుట్టూ అద్దాలే గోడలు, లోపల ఒకటే గది. ప్రపంచం మెచ్చుకుంది. ఉండేది మాత్రం ఆమె. లోపల ఏం పెట్టినా, ఆఖరికి సింకు కింద చెత్తడబ్బా పెట్టినా బయటికి కనిపిస్తుందని ఆమె చెప్పుకుంది. ఖర్చు విషయంలో ఇద్దరూ కోర్టుకెక్కారు. ఆ గొడవని ఆర్కిటెక్టు మీద భగ్నప్రేమగా చెప్పుకున్నవాళ్లే ఎక్కువ. తను కట్టించుకున్న ఇంట్లో తనకి చాటు కావాలని అడిగిన ఆడదాని మాటకి లోకం ఇచ్చిన విలువ అది. 2021లో ఆ ఇంటికి ఆమె పూర్తి పేరు చేర్చారు, 70 ఏళ్ల తర్వాత.

ఇద్దరికీ డబ్బుంది, ఇద్దరూ అడిగారు. తేడా ఇంటి సైజులో లేదు. మొదటి ఇంట్లో గోడని ఎప్పుడు జరపాలో అందులో ఉండే మనిషి చేతిలో ఉంది. రెండో ఇంట్లో అసలు గోడే లేదు.

అడగడానికి ముందు, అక్కడ ఉండే హక్కు కావాలి. మన దేశంలో ఆ హక్కు కథ ఏమిటి? 1956 హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షన్ ఒకటుండేది. కుటుంబం ఉంటున్న ఇంట్లో మగ వారసులు తమ వాటాలు పంచుకోవాలనుకునేదాకా ఆడ వారసులు తమ వాటా విడదీయమని అడగకూడదు. కూతురికి అక్కడ ఉండే హక్కు కావాలన్నా ఆమె పెళ్లికానిదో, భర్త వదిలేసిందో, విడిగా ఉంటున్నదో, వితంతువో అయి ఉండాలి. పుట్టిన ఇంట్లో చోటు దొరకాలంటే ముందు కాపురం చెడాలన్నమాట. మన రాష్ట్రం 1986లో సవరణ తెచ్చి, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. కానీ ఈ 23వ సెక్షన్ 2005 సెప్టెంబరు 9 దాకా బతికే ఉంది.

అత్తవారింట్లో? 2006 అక్టోబరులో అమల్లోకి వచ్చిన గృహహింస చట్టం, పేరు మీద లేకపోయినా కలిసి బతికిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకి ఇచ్చింది. 2006 డిసెంబరులోనే సుప్రీంకోర్టు ఆ హక్కుని కుదించి, అత్తమామల సొంత ఇల్లయితే వర్తించదంది. 2020లో అదే కోర్టు ఆ తీర్పు సరికాదని పక్కన పెట్టింది. ఇన్నేళ్లూ వాదించింది ఇంట్లో కాలు మోపి ఉండడం గురించి. కిటికీ ఎటు ఉండాలన్న మాట అక్కడిదాకా రానే లేదు.

ప్రభుత్వ ఇళ్ల సంగతి ఇంకో తీరు. 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజనలో ఇల్లు ఆడవాళ్ల పేరు మీదో, భార్యాభర్తల ఇద్దరి పేరు మీదో ఇవ్వాలన్న నియమం వచ్చింది. కనీస వైశాల్యం 20 చదరపు మీటర్లు. 2016 నుంచి దాని స్థానంలో వచ్చిన పథకంలో వంటకి చోటుతో కలిపి 25 చదరపు మీటర్లు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ల పేరు మీద పంచిన ఇళ్ల స్థలాలు పట్టణాల్లో ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర. సెంటంటే 48.4 చదరపు గజాలు. పట్టా మీద ఆమె పేరుండడం చిన్న విషయం కాదు, తాగి వచ్చినవాడు 'నా ఇంట్లోంచి పో' అనలేడు. కానీ పేరు ఆమెది, ప్లాను ఇంజనీరుది. మిషను ఎక్కడ పెట్టుకుంటావు, మేక ఎక్కడ కడతావు అని అడిగాక గీసిన ప్లాను కాదది. కాబట్టి 'చిన్న ఇల్లే నాకిష్టం' అని నేననడానికీ, ఆమె చిన్న ఇంట్లో ఉండడానికీ మధ్య చాలా దూరముంది. నాది ఎంపిక. ఆమెది కేటాయింపు.

నా ఎంపిక కూడా పూర్తిగా నాది కాదులెండి. నా జీతం మీద, నా పేరిట ఫ్లాటు కొంటున్నప్పుడు బిల్డరు గోడలు, గదులు, పార్కింగు అన్నీ మా తమ్ముడితో మాట్లాడాడు. నన్ను అడిగింది వంటింటి టైల్స్ రంగు. ఆడవాళ్ల 'టేస్టు' అని లోకం మనకి వదిలిపెట్టింది ఇంతే. టైల్స్, కర్టెన్లు, బొమ్మల కొలువు. గోడలు కాదు. వంటింటికీ హాలుకీ మధ్య గోడ నడుము ఎత్తుకి కొట్టించమన్నాను. 'వాసనొస్తుంది మేడమ్, అమ్మితే రేటు రాదు' అన్నాడు. కొట్టించాను. వాసనొస్తుంది. వండేది ఎవరో కూడా కనిపిస్తుంది, అందుకే ఇప్పుడు వచ్చినవాళ్లు లేచి ఒక చేయి వేస్తున్నారు. రెండో గదికి లోపల గడియ పెట్టించుకున్నాను. వర్జీనియా వుల్ఫ్ 1929లో చెప్పిన సొంత గదీ, సొంత డబ్బూ గురించి మనం ఎన్నో సెమినార్లలో మాట్లాడుకున్నాం. గడియకి అయిన ఖర్చు వంద రూపాయల లోపే.

ఆ మధ్య అమ్మకి కాగితం, పెన్సిల్ ఇచ్చి, నీకు నచ్చిన ఇల్లు గియ్యమ్మా అన్నాను. 'ఇప్పుడెందుకే ఇవన్నీ' అంటూనే చాలాసేపు గీసింది. రెండు గదులు. దేవుడికి ఒక గూడు. వంటిల్లు మాత్రం అన్నిటికంటే ముందు, వీధివైపు, పెద్ద కిటికీతో. 'కూర తరుక్కుంటూ వచ్చేపోయేవాళ్లని చూడొచ్చు' అంది. అమ్మమ్మ ఇంట్లో ఆ చోటు అరుగుది.

మన సంప్రదాయ గృహాల మీద పుస్తకాలొస్తున్నాయి, ఫొటోలు తీసి దాస్తున్నారు. ఆ ఇళ్లలో బతికిన ఆడవాళ్లు ఎలాంటి ఇల్లు కోరుకున్నారో రాసిపెట్టే పని కూడా జరగాలి. డెబ్భై దాటిన అమ్మలు, అత్తలు, మన ఇళ్లలో పనిచేసి వాళ్ల ఇళ్లకి వెళ్లే ఆడవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్లచేత ప్లాన్లు గీయించి, కొలతలతో సహా పోగుచేద్దాం. ఇళ్ల చరిత్రలో లేని కాగితాలు అవే.