సినిమా పరిశోధనలో చిత్రాల రూపాంతరీకరణ: లేటెక్ అనుభవ చరిత్ర

1. ఉపోద్ఘాతం:
ఫిల్మ్ నగర్ చరిత్రను పరిశోధించేవారికి వాల్‌పోస్టరు, పాటల పుస్తకం అట్ట, స్టిల్ ఫోటో మూలాధారాలు. సిద్ధాంత వ్యాసంలో చేరేలోగా అవి ఏయే రూపాల్లోకి మారుతున్నాయో, ఆ మార్పులో ఏమి కోల్పోతున్నాయో లేటెక్ చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. తొలి దశ:
డోనాల్డ్ నూత్ 1978లో వెలువరించిన టెక్ మీద 1980వ దశకంలో లెస్లీ లాంపోర్ట్ లేటెక్‌ను నిర్మించారు. టెక్ బొమ్మకు కావలసిన చోటు మాత్రమే కేటాయిస్తుంది. అందులో బొమ్మను అమర్చడం తరువాత పనిచేసే ప్రోగ్రాము వంతు. ఆ పని పోస్ట్‌స్క్రిప్ట్ ద్వారా సాగినందున ఇ.పి.ఎస్. రూపం ప్రామాణికమైంది. ముక్కవిల్లి లక్ష్మి, లక్ష్మణ్‌కుమార్‌లు రూపొందించిన తెలుగుటెక్‌లో మెటాఫాంట్ అక్షరాలు కూడా చుక్కల రూపంలోనే పుటకు చేరేవి.

3. పి.డి.ఎఫ్. దశ:
హాన్ థే థాన్ రూపొందించిన పి.డి.ఎఫ్.టెక్ పి.డి.ఎఫ్., పి.ఎన్.జి., జె.పి.ఇ.జి. చిత్రాలను నేరుగా స్వీకరించింది, ఇ.పి.ఎస్.ను స్వీకరించలేదు. పాత చిత్రాలను ఒక్కొక్కటిగా మార్చుకోవలసిన భారం రచయితపై పడింది. 2010 నాటి టెక్‌లైవ్‌లో ఈ మార్పిడి సంకలన సమయంలోనే తనంతట తాను జరిగే ఏర్పాటు వచ్చింది. భద్రత కోసం అనుమతించిన కొన్ని ప్రోగ్రాములను మాత్రమే అది నడపనిస్తుంది. 2004లో జోనాథన్ క్యూ వెలువరించిన జీటెక్ యూనికోడ్ తెలుగుకు మార్గం సుగమం చేసింది.

4. మార్పిడిలో నష్టం:
స్కాన్ చేసిన పోస్టరును ఇ.పి.ఎస్.గా మార్చినంత మాత్రాన దాని స్పష్టత పెరగదు. ఒక్కో బైటును రెండు అక్షరాలుగా రాసే పద్ధతిలోనైతే ఆ సమాచారం పరిమాణం రెట్టింపవుతుంది. ఏటా విడుదలైన చిత్రాల సంఖ్యను చూపే రేఖాపటాన్ని జె.పి.ఇ.జి.గా మార్చితే అక్షరాల అంచులు మసకబారుతాయి. ‘ద’, ‘ధ’లను వేరుచేసే అడుగు గీత, ‘థ’లోని చుక్క, చిన్న వత్తులు ముందుగా దెబ్బతింటాయి. ఫాంటును పొందుపరచకపోతే తెలుగు పేర్ల స్థానంలో గళ్ళు కనిపించే ప్రమాదమూ ఉంది. అప్పుడు పటంలోని ఆధారం చదవడానికే వీలుకాదు.

5. ముగింపు:
స్వయంచాలక మార్పిడి శ్రమను తగ్గించింది. ఏ చిత్రానికి ఏ రూపం తగినదో నిర్ణయించే బాధ్యత పరిశోధకునిదే. ఫోటోలకు జె.పి.ఇ.జి., రేఖాపటాలకు ఫాంటు పొందుపరచిన పి.డి.ఎఫ్. అనువైనవి. ప్రింటు నుంచి తీసిన ప్రింటులో నాణ్యత తగ్గుతుంది గనుకనే సినిమా రంగం నెగెటివ్‌ను భద్రపరుస్తుంది. అదే విధంగా మూల చిత్రాన్ని, మార్పిడికి వాడిన ఆదేశాన్ని సిద్ధాంత వ్యాసంతోపాటు భద్రపరచడం అవసరం. అలా చేసినప్పుడే తరువాతి పరిశోధకుడు ఆ ఆధారాన్ని మళ్ళీ పరీక్షించగలుగుతాడు.