అవోస్తా ఎవరి ఊరు?

ఇటలీ వాయవ్య మూలన, ఆల్ప్స్ కొండల నడుమ ఉన్న అవోస్తా పుట్టిన ఏడు ఏదంటే చరిత్ర పుస్తకాలు తడుముకోకుండా క్రీ.పూ. 25 అంటాయి. ఆ ఏడు రోమన్ సేనాని టెరెంటియస్ వర్రో సలాస్సీ అనే కొండజాతిని ఓడించాడు. అతని దండు విడిసిన చోటే అగస్టస్ చక్రవర్తి మూడు వేలమంది రోమన్లను కుదిర్చి, ఊరికి అగస్టా ప్రెటోరియా అని పేరు పెట్టాడు. అందులోని ‘అగస్టా’యే జనం నోళ్లలో నలిగి అవోస్తా అయింది. ఇది రోమన్ల కట్టడమే అనడానికి సాక్ష్యాలు కళ్లెదుటే ఉన్నాయి. 724 మీటర్ల పొడవు, 572 మీటర్ల వెడల్పున ఊరిని చుట్టిన ప్రాకారం చాలామటుకు నేటికీ నిలిచి ఉంది. నాటకశాల ముందుగోడ 22 మీటర్ల ఎత్తున లేచి కనిపిస్తుంది. తూర్పున అగస్టస్ విజయతోరణం ఉంది. వానకు చెడిపోకుండా 1716లో దానిమీద పలకరాతి కప్పు వేశారు. ఆ దగ్గర్లోనే రోమన్ల రాతి వంతెన ఉంది కానీ దాని కింద నీళ్లు లేవు, ఏరు దారి మార్చుకుంది.

ఇంత ఉన్నా, క్రీ.పూ. 25ను ఈ ఊరి పుట్టుకగా ఒప్పుకోవడం నాకు కష్టంగానే ఉంది. అది గెలిచినవాళ్లు రాసుకున్న జాతకం. సలాస్సీలు బంగారు ఇసుకను కడగడానికి నది నీటిని మళ్లించుకునేవారని, దిగువ రైతులతో అందుకే తగాదాలు వచ్చేవని గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. యుద్ధం ముగిశాక 36,000 మందిని, వారుగాక ఆయుధం పట్టగల 8,000 మందిని, నేటి ఇవ్రియాలో బానిసలుగా వేలం వేశారని చెప్పిందీ ఆయనే. ఆ మాటను బట్టి ఖాళీ అయిన నేలమీద కొత్త ఊరు లేచిందనుకుంటాం. కానీ అవోస్తాలోనే దొరికిన ఒక శాసనం వేరే సంగతి చెబుతోంది. ఊరు వెలిసిన రెండు మూడేళ్లకే అగస్టస్‌ను తమ పోషకుడిగా కొలుస్తూ దాన్ని వేయించినవారు, మొదటినుంచీ ఈ వలసలో చేరి కాపురమున్న సలాస్సీలు! వాళ్లు రోమ్‌కు లొంగిన నలుగురైదుగురు పెద్దలే కావచ్చు కదా అంటారా? కావచ్చు. రాయి లెక్క చెప్పదు. అయినా జాతి మొత్తం సంతలో అమ్ముడుపోయిందన్న మాట ఆ శాసనం ముందు నిలవదు. అమ్ముడుపోయినవారి దుఃఖాన్ని ఇది తగ్గించదు; మిగిలినవారిని లెక్కలోంచి కొట్టివేయకుండా ఆపుతుంది, అంతే.

గోడలు, కొలిచి వేసిన వీధులు, పౌరహక్కులు ఉంటేనే నగరం, అంతకుముందున్నది వట్టి కొండపల్లె అన్న వాదన బలమైనదే. చట్టం ప్రకారం నగరాన్ని కన్నది రోమే. అయితే ఆ చోటును ఎంచినది రోమ్ కాదు. 2,469 మీటర్ల ఎత్తున్న గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ దారి, 2,188 మీటర్ల లిటిల్ సెయింట్ బెర్నార్డ్ దారి కలిసేది ఇక్కడే. కొండ దాటే ఎవరైనా ఇక్కడ ఆగక తప్పదు. 1969లో ప్రాకారానికి పడమరగా, సెయింట్ మార్టిన్ ద కోర్లెయాన్ పేటలో ఇళ్ల పునాదులు తవ్వుతుంటే బయటపడినవి చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. మనిషి ఆకారంలో చెక్కిన నలభైకి పైగా నిలువురాళ్లు, రాతి సమాధులు అక్కడ దొరికాయి. నిలువురాళ్లను కొన్నిటిని తర్వాతి తరాలవాళ్లే పగలగొట్టి తమ సమాధులకు వాడుకున్నారు. అంటే పాతదాన్ని కూలగొట్టి కొత్తది కట్టడం ఈ నేలకు రోమన్లు నేర్పిన విద్య కాదు. వీటన్నిటికంటే అడుగున నాగలి చాళ్లు ఉన్నాయి. రోమన్ దండు రావడానికి సుమారు నాలుగు వేల ఏళ్ల ముందు దున్నిన ఆ చాళ్లను ఇప్పుడు అక్కడే కట్టిన మ్యూజియంలో, తవ్వకంలో బయటపడిన చోటే చూడవచ్చు.