కలంకారీలో కొత్త డిజైన్లు: భాగస్వామ్య సంస్థలతో చిన్న యూనిట్ల ఒప్పందాలు

కృష్ణా జిల్లా పెడన, మచిలీపట్నం ప్రాంతాలలోని కలంకారీ అద్దకం ఒకే కప్పు క్రింద పూర్తయ్యే పని కాదు. టేకు చెక్కపై అచ్చులు చెక్కేవారు, అద్దకం యూనిట్లు, బట్టను పారే నీటిలో ఉతికేవారు, సరుకును బయటి మార్కెట్లకు చేర్చే వర్తకులు వేర్వేరు. అందువల్ల ఇక్కడ కొత్త డిజైను ఏదైనా పలువురి సహకారంతోనే రూపుదిద్దుకుంటుంది. ఈ పద్ధతి కొత్తది కాదు. ఆంగ్ల ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం నెలకొల్పింది. ఆ శతాబ్దంలోనే విదేశీ వర్తకులు తమ దేశాల అభిరుచికి తగిన నమూనాలు పంపి కోరమండల్ తీరంలో బట్టలు అద్దించుకునేవారు.

ఉమ్మడి కృషి

కొనుగోలుదారు ఇచ్చిన బొమ్మ యథాతథంగా బట్టపైకి రాదు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క అచ్చు అవసరం. కరక్కాయ ద్రావణంలో తడిపి ఆరబెట్టిన బట్టపై, ఇనుము, బెల్లం ఊరవేసి తీసిన ద్రవం నలుపుగా తేలుతుంది. పటిక అద్దిన చోటనే ఎరుపు నిలుస్తుంది. ఈ నియమాలకు అనుగుణంగా బొమ్మను మార్చేది అచ్చు చెక్కేవారు, అద్దకపువారే. అయితే ఈ కృషి బిల్లులో కనిపించదు.

యాజమాన్య హక్కు

డిజైన్ల చట్టం, 2000 ప్రకారం ప్రతిఫలం తీసుకొని ఇతరుల కోసం రూపొందించిన డిజైనుకు యజమాని, దానిని చేయించుకున్న వ్యక్తియే. కనుక హక్కులో భాగం కోరే యూనిట్లు పని మొదలుపెట్టక మునుపే లిఖితపూర్వక ఒప్పందం చేసుకోవడం అవసరం. రిజిస్ట్రేషన్‌తో 10 సంవత్సరాలు, పొడిగింపుతో మరి 5 సంవత్సరాలు రక్షణ లభిస్తుంది. ముందుగానే బహిరంగపరచిన డిజైను రిజిస్ట్రేషన్‌కు అర్హం కాదు. అయితే రిజిస్టరు చేయదలచిన కొత్త వస్త్ర డిజైనుకు గోప్యంగా స్వీకరించిన మొదటి ఆర్డరును బహిరంగపరచడంగా పరిగణించరాదని చట్టం మినహాయింపునిచ్చింది.

పెడన కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉన్నది. అది ఆ ప్రాంత ఉత్పత్తిదారులందరి ఉమ్మడి పేరుకు రక్షణ కల్పిస్తుందే తప్ప, ఒక యూనిట్ రూపొందించిన కొత్త డిజైనుకు కాదు. ఈ రెండింటిని ఒకటిగా భావించరాదు.

చెల్లింపులు

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కలిగిన సూక్ష్మ, చిన్న ఉత్పత్తి యూనిట్లకు సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం, 2006 వర్తిస్తుంది. ఒప్పందంలో ఏ గడువు వ్రాసుకున్నా సరుకు అంగీకరించిన నాటి నుండి 45 రోజులకు మించరాదు. ఒప్పందం లేనిచో 15 రోజులలో చెల్లించాలి. జాప్యమైనచో రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ చెల్లించవలసి ఉంటుంది. వివాదాలను ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు నివేదించవచ్చును.

ఒప్పందంలో ఉండవలసిన అంశాలు

డిజైను ఎవరి పేరున రిజిస్టరు కావాలి, అచ్చులు ఎవరి వద్ద ఉండాలి, అదే డిజైనును ఇతరులకు అద్దవచ్చునా, నమూనాలు తిరస్కరించినచో ఖర్చు ఎవరు భరించాలి, సొమ్ము ఎన్ని రోజులలో చెల్లించాలి అనే ఐదు అంశాలను మొదటి అచ్చు చెక్కక మునుపే నిర్ణయించుకొన్నచో, కొత్తదనం వల్ల కలిగే లాభంలో చిన్న యూనిట్‌కు కూడా న్యాయమైన వాటా దక్కుతుంది.